సామ్యూల్ అండ్ సన్స్ వారి శ్రుతి

మా కంపెనీ చరిత్ర మా మామగారు చెబితే వినేవాళ్ళకి మధ్యలో టీ ఇవ్వాల్సి వస్తుంది. నేను చెబితే అంతసేపు పట్టదు. నేను నర్సుని, రోగి చరిత్ర రెండు ముక్కల్లో చెప్పడం నా వృత్తి.

మా ఆయన తాతగారు సామ్యూల్ నరసాపురం దగ్గర్నుంచి రాయ్‌పూర్‌కి రైల్వేలో వడ్రంగిగా వచ్చారు. అప్పట్లో ఇక్కడ ఒక దొరసాని పియానోకి చెదలు పట్టింది. బాగుచెయ్యమని ఇస్తే ఆయన దాన్ని ముక్కముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించి, ఆ ఊపులో సొంతంగా ఇంకొకటి చేసి మా తెలుగు చర్చికి ఇచ్చేశారు. ఎందుకు చేశారంటే దేవుడు చెయ్యమన్నాడని మా మామగారు అంటారు. ఇంట్లో ఉంటే మామ్మగారు ఊరికే కూర్చోనిచ్చేవారు కాదని మా అత్తగారు అంటారు. నేను అత్తగారి మాటే నమ్ముతాను.

ఆయన కొడుకు ఎలీషాగారు, అంటే మా మామగారు, దాన్ని కంపెనీ చేశారు. ‘సామ్యూల్ అండ్ సన్స్, పియానో మేకర్స్’ అని బోర్డు పెట్టారు. సన్స్ అంటే ఆయనొక్కరే. ఫ్యాక్టరీ అంటే మా పెరట్లో రేకుల షెడ్డు. తీగలు కలకత్తా నుంచి వచ్చేవి. లోపల తీగల్ని కొట్టే సుత్తులకి అతికించే మందపాటి ఉన్నిగుడ్డ పండరీ బజారులో కొనేవారు. ఆ కొట్టతను మేము చలికోట్లు కుడతామనుకుని, రాయ్‌పూర్ ఎండల్లో ఈ వ్యాపారం ఎలా నడుస్తోందని జాలిపడేవాడు.

నడిచేది కాదు. రెండు మూడేళ్ళకో పియానో తయారయ్యేది. అది రాయ్‌పూర్‌లోనో, భిలాయ్‌లోనో, బిలాస్‌పూర్‌లోనో ఏదో ఒక తెలుగు చర్చికి వెళ్ళేది. అన్ని చర్చిలకీ చేరిపోయాక కొనేవాళ్ళు లేకుండా పోయారు. పోనీ పాతవి చెడిపోతాయా అంటే, మా పియానోలు చెడిపోవు. మా కంపెనీకి పట్టిన దరిద్రం అదే.

2009లో నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి షెడ్డులో ఒకే ఒక్క పియానో ఉండేది. అది అమ్ముడుపోకుండా నాతో పాటు కాపురం చేసింది. మా ఆయన ప్రేమ్ దానికి వారం వారం పాలిష్ పెట్టేవాడు. నాకు మాత్రం పెళ్ళిరోజుకైనా చీర కొనాలని అతనికి తోచేది కాదు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఏ పియానో అయినా గడప దాటే ముందు సాయంత్రం దాని చుట్టూ కుటుంబ ప్రార్థన జరగాలి. మామగారు వాయించాలి, అత్తగారు ఎస్తేరమ్మ పాడాలి. మామగారికి పియానో చెయ్యడం బాగా వచ్చు. వాయించడం మాత్రం చిన్నప్పుడు వేళ్ళు ఏ మెట్ల మీద పడ్డాయో ఆ మెట్ల మీదే వచ్చు, పక్కకి జరగడం రాదు. అత్తగారి గొంతు సంగతి చెప్పనక్కర్లేదు. ఈ రాష్ట్రంలో ఏ తెలుగు చర్చిలో సభలు జరిగినా ఆవిడే పాడాలి. చరణం చివర పైకెక్కే చోట మిగతా ఆడవాళ్ళు పాటల పుస్తకంలో పేజీ వెతుక్కుంటున్నట్టు నటిస్తారు. అత్తగారు కళ్ళు మూసుకుని ఊపిరైనా తీసుకోకుండా ఎక్కేస్తారు. ఇంటికొస్తూ దారి పొడుగునా ఎవరి గొంతు ఎక్కడ విరిగిందో చెబుతారు. ఆ లిస్టులో నేనెప్పుడూ ఉంటాను.

2014లో శంకర్ నగర్‌లో కొత్తగా పెట్టిన ఒక స్కూలువాళ్ళకి అసలైన పియానో కావాల్సి వచ్చింది. కీబోర్డులు అమ్మే షాపులో ప్రేమ్‌కి అప్పటికే ఉద్యోగం ఖాయమైంది. ఈ పియానో అమ్ముడైతే ఆ డబ్బుతో ఇంకొకటి మొదలుపెడతాడు. లేకపోతే షెడ్డు పీకించి ఉద్యోగంలో చేరతాడు. షెడ్డు పోతే మామగారు ఏమైపోతారో ఆలోచించడానికే మాకు ధైర్యం లేదు.

స్కూలు నుంచి సంగీతం టీచర్ సుభద్ర వచ్చింది. వాళ్ళది విజయనగరం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. చెక్క నిమిరి మెచ్చుకుంది. కూర్చుని రెండు మెట్లు నొక్కి మొహం చిట్లించింది. బ్యాగులోంచి ఫోను తీసి, శ్రుతి చూపించే యాప్ తెరిచి, పియానో మీద పెట్టి మళ్ళీ నొక్కింది.

“అంకుల్, ఇది పూరా ఒక మెట్టు కిందికుంది” అంది.

మామగారు ఆ ఫోను తీసుకుని వెనకా ముందూ తిప్పి చూసి, ఇది ఎక్కడ తయారైందమ్మా అని అడిగారు. చైనాలో అని చెప్పింది. అదీ సంగతి అని ఫోను తిరిగి ఇచ్చేశారు. తన చెవిని మించిన మిషను లేదని కూడా అన్నారు. సుభద్ర బయటికొచ్చి, పిల్లల గిటార్లతో, ఫ్లూట్లతో కలవకపోతే ఈ పియానోతో ఏం చేసుకోవాలని ప్రేమ్‌ని అడిగింది. సోమవారం పొద్దున వ్యాను పంపిస్తానని, ఈలోగా శ్రుతి సరిచేయించమని చెప్పి వెళ్ళింది.

నేనూ ప్రేమూ అదే యాప్ ఎక్కించుకున్న ఫోను పట్టుకుని మా చర్చికి వెళ్ళి అక్కడి పియానో చూశాం. ఒక మెట్టు కిందే. ప్రేమ్ భిలాయ్ వెళ్ళి చూసొచ్చాడు. అక్కడా అంతే. అంటే ఇన్నేళ్ళుగా ఇక్కడి తెలుగు క్రైస్తవులంతా దేవుణ్ణి ఒక మెట్టు కిందినుంచే పిలుస్తున్నారన్నమాట. మామగారి చెవి మొదట్నుంచీ తప్పేనని మాకు అర్థమైంది. ఆయన గర్వమంతా ఆ చెవే. దాన్ని తప్పంటే ఆయన తట్టుకోలేరు.

చెప్పకుండా చేసేద్దామన్నాను. తీగలు బిగించే తాళం మామగారి నడుముకే వేలాడుతుంది, స్నానానికి వెళ్ళినా వదలరు. అందుకని నాగ్‌పూర్ నుంచి సూరిబాబు అనే ట్యూనర్‌ని పిలిపించాను. ఆదివారం అత్తగారు, మామగారు సభలకని భిలాయ్ రైలెక్కారు. సూరిబాబు రోజంతా కూర్చుని ఒక్కో తీగా బిగించాడు. ఇంత గట్టి సరుకు పెట్టి శ్రుతి ఎందుకు దించారని పదిసార్లు అడిగాడు. నేను ప్రతిసారీ టీ ఇచ్చాను.

సాయంత్రం వాళ్ళు వచ్చారు. రేపే వ్యాను కదా, ప్రార్థన కానిద్దామన్నారు మామగారు. అత్తయ్యగారు అలిసిపోయారని అన్నాను. నేనెప్పుడు అలిసిపోయానని అత్తగారు నా మీదే ఎగిరారు.

మామగారు మొదటి మెట్టు నొక్కి ఒక్క క్షణం ఆగారు.  ఆ సాయంత్రం నేను చేసినంత నిజమైన ప్రార్థన ఆ ఇంట్లో ఎవరూ చేసి ఉండరు. ఆయన వాయించారు. అత్తగారు కళ్ళు మూసుకుని అందుకున్నారు. చరణం చివరికొచ్చి పైకెక్కబోయారు. గొంతు మధ్యలో చీలిపోయింది. రెండో చరణంలోనూ అంతే. మూడో చరణానికి ఆవిడ పుస్తకంలో పేజీ వెతుక్కున్నారు. భిలాయ్‌లో ఐసు నీళ్ళు తాగించారని గొణిగారు. ఎవరి గొంతు విరిగినా నవ్వుకునేదాన్ని, ఆవిడ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మామగారు పియానో మూత వేసి, కాసిని మంచినీళ్ళు తెమ్మని ఆవిణ్ణి లోపలికి పంపారు.

“ఎవడు చేశాడమ్మాయీ? చెయ్యి బానే ఉంది.”

నాగ్‌పూర్ సూరిబాబని చెప్పాను. 

“నాకు చెవుడనుకున్నారా ఇద్దరూ? మా నాన్న చేసిన పియానో బరాబర్ శ్రుతిలోనే ఉండేది. పెళ్ళైన కొత్తలో మీ అత్తయ్య చర్చిలో సరిగ్గా ఈడే ఆగిపోయింది. ఆడోళ్ళు నవ్వారు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఆ వారమే ఎవరికీ తెలీకుండా తాళం పట్టుకెళ్ళి ఒక మెట్టు దించేశాను. పై ఆదివారం ఎలా పాడిందనుకున్నావు.”

“మరి భిలాయ్‌వి, బిలాస్‌పూర్‌వి?” అన్నాడు ప్రేమ్.

“ఆ చర్చిల్లో కూడా మీ అమ్మే పాడాలి గదరా.”

మామగారు నడుముకున్న తాళం తీసి మాకు చూపించారు.

“ప్రార్థన అయిపోయాక, స్కూల్లో దింపించి నేనే పైకి బిగించేవాణ్ణి. ఆ టీచరమ్మ ముందు చెవిటోణ్ణనిపించుకుని ఊరుకున్నాను, దేనికి? మీకేం తొందరొచ్చింది? మీ అత్తయ్యకి మాత్రం చెప్పకండి.”

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మా ఆయన పాలిష్ డబ్బాలన్నీ ఆ క్షణంలో క్షమించేశాను. కళ్ళు తుడుచుకుని తలెత్తితే, గుమ్మంలో గ్లాసు పట్టుకుని అత్తగారు ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు.

“బిలాస్‌పూర్‌ది కూడానా?” అని మామగారిని అడిగారు.

ఆయన నేల చూస్తూ, అదీనూ అన్నారు.

 ఆవిడ వచ్చి గ్లాసు ఆయన చేతిలో పెట్టి, తాగేదాకా పక్కనే ఉండి, మా ఇద్దరి వైపూ తిరిగారు.

“ఇది స్కూలుకే గదా, పోనివ్వండి. చర్చివాటి మీద ఎవడైనా చెయ్యి వేశాడో, నేనూరుకోను.”