పన్నెండు ముడుల తాడు

నంద్యాల స్టేషన్‌లో బండి దిగగానే లూదియా కొళాయి వెతుక్కుంది. పైటకొంగు తడిపి, పిండి, రవికె లోపలికి తోసుకుని రొమ్ముల మీద అదుముకుంది. నిన్న బెంగుళూరులో బండెక్కే ముందు బిడ్డకు పాలిచ్చింది. ఇప్పుడు పొద్దున ఎనిమిది. రొమ్ములు రెండూ రాళ్ళయి ఉన్నాయి. పిండుకోవాలంటే మరుగు కావాలి, పాత్ర కావాలి. నేల మీద పిండకూడదు. ఆ పాలకు చీమలు పడితే తల్లికి పాలు ఎండిపోతాయని అమ్మ వందసార్లు చెప్పింది. లూదియా నమ్మదు. నమ్మకపోయినా భయపడుతుంది. ఏడు నెలల బిడ్డ ఉన్న తల్లి దేనికి భయపడదు?

ఎనిమిదికే ప్లాట్‌ఫారం బండలు చెప్పుల్లోంచి కాలుతున్నాయి.

"దీనికోసరమా మా నువ్వు ఏడ్చేది?" అంది పైకే, అమ్మ ఎదురుగా ఉన్నట్టు. పక్కన ముఖం కడుక్కుంటున్న పెద్దాయన తలెత్తి చూశాడు. చూస్తే చూడనీ అనుకుంది.

సంచిలో స్టూడియో ఓనరు దగ్గర మొగుడు యోహాను బతిమాలి తెచ్చిన నల్ల కెమెరా ఉంది. యోహాను ఆ స్టూడియోలో ఫోటోలు కడుగుతాడు. రీలులో పన్నెండు బొమ్మలు. నడుముకు చెక్కుకున్న జనపతాడులో పన్నెండు ముడులు. ఆ ముడులు అమ్మవి.

అమ్మ రాజరత్నం ఆళ్ళగడ్డ బస్టాండు దగ్గర నారాయణ హోటలుకు ముప్పై ఏళ్ళు నీళ్ళు మోసింది. మొన్న ఎండాకాలం బావి గట్టు మీద బిందెతో సహా పడిపోయింది. వడదెబ్బ. నంద్యాల డాక్టరు కళ్ళు విప్పి చూసి, "ఇంకో ఎండాకాలం ఈడుంటే ఈమె దక్కదు, యాడన్నా చల్లటి ఊరికి తీసకపోండి" అన్నాడు. లూదియా తన దగ్గరికి తీసుకుపోయింది. బెంగుళూరులో మే నెలలో కూడా సాయంత్రానికి చల్లగాలి. చిన్నపిల్లల బడిలో ఆయాగా పనిచేసే లూదియాకు ఆ గాలంటే ప్రాణం. బిడ్డ ఒంటి మీద ఒక్క చెమటకాయ లేదు. రాజరత్నం మాత్రం యోహాను పాత స్వెట్టరు తొడుక్కుని కిటికీ దగ్గర కూర్చుని, "ఈ ఊర్లో ఎండకు ఉప్పు ల్యా" అనేది. రెండుసార్లు మూట కట్టుకుని బస్టాపులో కూర్చుంటే యోహాను వెతికి తెచ్చాడు. మూడోసారి అన్నం మానేసింది.

"నువ్వు పోతే చస్తావు మా. ఊరినే నీ దగ్గరికి తెస్తా. బొమ్మలు తీసి తెస్తా, చాలునా?" అని లూదియా అరిచింది.

రాజరత్నం నాలుగు రోజులు ఆలోచించి, ఏమేమి తేవాలో ఒక్కొక్కటే చెబుతూ తాడుకు ముడి వేసింది. ఏడో తరగతి దాకా చదివిన లూదియా కాగితం తీస్తే ఒప్పుకోలేదు.

"కాగితమైతే నువ్వు సదువుకుంటావు. ఏది తెచ్చినావో ఏది ఇడ్సిపెట్టినావో నాకెట్ల తెలుస్తాది? నా ముడి నేనే ఇప్పుకుంటా. ఒక్క ముడి మిగిల్నా నేను పోతా. మళ్ళ అడ్డం రాగాకు."

అందుకని బడి సెలవుల్లో, మండే మే నెలలో, చంటిబిడ్డను డబ్బాపాలకు వదిలి లూదియా వచ్చింది.

మొదటి ముడి నంద్యాలలో అమ్మ పెళ్ళి జరిగిన పెద్ద చర్చి మెట్లు. సూర్యుణ్ణి వీపున పెట్టుకోమన్నాడు యోహాను. పెట్టుకుంది. మీట నొక్కింది. రెండో ముడి శిరివెళ్ళ దాటాక రోడ్డు పక్క కంకర గుట్ట. కరువు పనికి అమ్మ రాళ్ళు కొట్టిన చోటు. డ్రైవరును బతిమాలి బస్సు ఆపించుకుని దిగి తీసింది. "ఏముందమ్మా ఆడ, రాళ్ళేగదా!" అని కండక్టరు నవ్వాడు. లూదియాకు నవ్వు రాలేదు. ఆయన అన్నది నిజం. రాళ్ళే. ఆ రాళ్ళు కొడుతూనే అమ్మ బొటనవేలి గోరు పోగొట్టుకుంది. ఆ వేలితోనే ఈ ముడులు వేసింది.

ఆళ్ళగడ్డలో దిగేసరికి కోపం ఎండతో పోటీపడుతోంది. తాడు తడుముకుంటూ వీధి వీధీ తిరిగింది. వక్కిలేరు ఒడ్డున బట్టలుతికిన బండ. అమ్మ పాట పాడితే పాస్టరు మెచ్చుకున్న రేకుల ప్రార్థనామందిరం. శిల్పులు ఉలి కొట్టే సందులో ఏళ్ళ తరబడి సగం చెక్కి వదిలేసిన రాతి విగ్రహం. దాని పక్క కడవ దించి అమ్మ ఊపిరి పీల్చుకునేది. ముసలి ఆచారి ఒకడు తల పైకెత్తకుండానే అన్నాడు, "ముక్కు రాకముందే ఫోటోనా పాపా? దేవుడు సిగ్గుపడతాడు."

"మాయమ్మకు ముక్కు లేకున్నా పర్వాల్యా తాతా."

పదకొండోది బావి. అందరూ చేదుకునే వైపు కాదు. అవతల, మెట్లు అరిగి జారే వైపు. అమ్మ పడింది అక్కడే. ఏడో తరగతిలో బడి మానేసి, అమ్మకు జ్వరమొచ్చిన ఆ ఏడంతా లూదియా నీళ్ళు మోసింది కూడా ఆ మెట్ల మీదుగానే. హోటలుకు నీళ్ళు ఆగకూడదు, బడి ఆగితే ఎవరికేం? కడవ బరువుకు సన్నటి మెడ ఇంత లోపలికి దిగిపోయేది. కెమెరా అద్దంలో ఆ మెట్లు అగ్గిపెట్టెలో ఇమిడేటంత చిన్నవిగా కనబడ్డాయి. దాంతో ఇంకా ఒళ్ళు మండింది. ఈ పన్నెండింటిలో అమ్మను ఊరు ఏడిపించని చోట్లు ఎన్ని? ఊరు పేరెత్తితే కళ్ళు తుడుచుకునే మనిషికి సిగ్గుండొద్దూ?

పన్నెండో ముడి అన్నిటికన్నా పెద్దది, మూడు మడతల ముడి. హోటలు వెనక గోడలో గూడు. గూట్లో గ్లాసు. అమ్మ గ్లాసు.

అది తీయనని బెంగుళూరులోనే అనుకుంది లూదియా. ఇప్పుడు మూడు గంటల ఎండలో ఆ గోడ ముందు నిలబడి ఉంది. లోపల బల్లల మీద స్టీలు గ్లాసులు మెరుస్తున్నాయి. బయట, తూము పక్కన, చేయెత్తు గూట్లో అంచు చిట్లిన గాజుగ్లాసు, దుమ్ము పట్టి, బోర్లించి ఉంది. పైట ముందు తడి మరక పెద్దదవుతోంది. నిలబడితే నొప్పి, వంగితే నొప్పి.

నారాయణ బయటికొచ్చాడు. భుజాన తువ్వాలు, బొజ్జ, ముఖమంతా నవ్వు.

"ఎవరూ, రాజరత్నం బిడ్డవు గదూ? ఏమ్మే, సల్లటి ఊరికి పోయి తెల్లగైనావే! మీయమ్మ ఎట్లుండాది?"

"ఉండాది."

"మీయమ్మ మాదిరి మనిషి మళ్ళా దొరకల్యా. వచ్చినోళ్ళు వారం తిరక్కముందే కడవ ఆడ పారేసి పోతాండారు." నారాయణ గూడు వైపు గర్వంగా చెయ్యి చూపించాడు. "మీయమ్మ గ్లాసు ఆడనే ఉండాది చూడు. ఇన్నాళ్ళూ ఎవరినీ ముట్టనియ్యల్యా నేను."

ఆ మనిషి మంచిగానే అన్నాడు. లూదియాకు తట్టుకోలేనిది అదే. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది.

"ఎండన పడి వచ్చినావు, టీ తాగు" అన్నాడు లోపలికి తిరుగుతూ. "ఆ గ్లాసు కడుక్కోపో, పోస్తా."

  లూదియా గూట్లోంచి గ్లాసు తీసింది. తూము దగ్గర మట్టితో తోమింది, మూడుసార్లు కడిగింది. బండకేసి కొడదామని చెయ్యి లేచింది. లేచిన చెయ్యి అట్లాగే ఆగింది. కొడితే బొమ్మ లేదు. బొమ్మ లేకపోతే ముడి మిగులుతుంది. ముడి మిగిలితే అమ్మ ఈ ఎండలోకి వచ్చి, ఈ గోడ కింద, ఈ గ్లాసు పట్టుకుని చస్తుంది.

కట్టెల దడి చాటుకు పోయి కూర్చుంది. రవికె ముడి విప్పింది. చేతిలో ఉన్న పాత్ర అదొక్కటే. మొదటి చుక్కలకు ప్రాణం పోయినట్టయింది. తరువాత సన్నటి ధారలు గాజుకు తగిలి చప్పుడు చేశాయి. పళ్ళు బిగబట్టి పిండింది. కళ్ళ నీళ్ళు నొప్పికా, కోపానికా, అక్కడ డబ్బాపాలు కక్కుతుందేమో అనిపించే బిడ్డకా, ఆమెకే తెలియదు. గ్లాసు అంచుదాకా నిండింది.

నిండు గ్లాసు తెచ్చి గూట్లో పెట్టింది. ఎండ సూటిగా గోడ మీద పడుతోంది. కెమెరా ఎత్తి, ఊపిరి బిగబట్టి, పన్నెండో బొమ్మ తీసింది.

నారాయణ టీ కెటిలుతో వచ్చాడు. "ఏందీ? పాలు యాడివి?"

"నావి."

ఆయనకు అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక కెటిలు పట్టుకున్న చెయ్యి వెనక్కు పోయింది.

"ఆడనే ఉండనీ" అంది లూదియా సంచి భుజానికి తగిలించుకుంటూ. "ఎవరినీ ముట్టనియ్యవు గదా నువ్వు."

పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. 

లూదియా బెంగుళూరు చేరిన వారానికి యోహాను బొమ్మలు కడిగి తెచ్చాడు. రాజరత్నం బిడ్డను ఒళ్ళో వేసుకుని, తాడు మోకాలి మీద పరుచుకుని, ఒక్కో బొమ్మా వెలుతురుకు పెట్టి చూసింది. చూసి ముడి విప్పింది. రాతి విగ్రహం దగ్గర, "ఇంగా ముక్కు పెట్టల్యా వీనికి!" అని నవ్వింది. బావి బొమ్మలో మెట్ల మీద పడిన లూదియా నీడను వేలితో పొడిచింది. "ఈడ నువ్వేంటికే? నిన్ను తెమ్మన్న్యానా?"

"సూర్యుడు వీపున ఉంటే అట్లే పడతాది మా."

"ఉండనీలే. ఎవరో ఒకరు ఉంటేనే బావి."

పన్నెండోది చేతికిచ్చేటప్పుడు లూదియా బిడ్డను తీసుకోవడానికన్నట్టు ముఖం తిప్పుకుంది. రాజరత్నం చాలాసేపు చూసింది. బొమ్మను కంటికి ఆనించుకుని చూసింది.

"పాలు పోసినాడే!"

లూదియా బిడ్డను చంకన వేసుకుంది.

"ముప్పై ఏండ్లు ఆడ తాగితి. చివరాకర్న మిగిలిన డికాషన్ పోసేటోడు, అదీ సగం. పాలు చూడల్యా ఎప్పుడూ. నేనొచ్చేసినాక తెలిసొచ్చినట్టుంది వానికి. నా గ్లాసుకు పాలు పోసి పెట్టినాడు లూదీ! అంచుదాకా!" రాజరత్నం బొమ్మ దించి కూతురి వైపు చూసింది. "వాడేనా పోసింది?"

కాదు అన్న మాట లూదియా నోట్లో నిప్పుకణికలా ఉంది. అమ్మ వేళ్ళు ముడి మీద ఉన్నాయి. గోరు లేని బొటనవేలు ముడిని అటూ ఇటూ తిప్పుతోంది, ఇంకా విప్పలేదు.

"ఔ మా" అంది లూదియా. ఆ మాట మింగినంత చేదు మందు ఆమె జన్మలో మింగలేదు. "ఆయప్పే పోసినాడు."

మూడు మడతల ముడి విప్పడానికి రాజరత్నానికి చాలాసేపు పట్టింది. ఆ తరువాత మూట కట్టలేదు, బస్టాపుకు పోలేదు. వచ్చినవాళ్ళందరికీ పన్నెండో బొమ్మ చూపించేది. "మా ఊరి హోటలాయన. మంచోడు" అనేది. లూదియా వంటగదిలో గిన్నెలు మోగించేది.

ఆ డిసెంబరులో రాజరత్నానికి దగ్గు పట్టుకుంది. రెండు స్వెట్టర్లు తొడిగినా చలి తగ్గలేదు. ఎండకు దక్కదన్న మనిషి, ఒక తెల్లవారుజామున బిడ్డ లేచేలోపల, చప్పుడు లేకుండా చలికి పోయింది. ఎవరి మీద అరవాలో లూదియాకు తెలియలేదు.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక పక్కబట్టలు దులిపితే దిండు కింద బొమ్మల కవరుకు చుట్టిన జనపతాడు దొరికింది. ముడి ఒక్కటీ లేదు. లూదియా దాన్ని రెండు చేతులా లాగి చూసింది, పన్నెండు చోట్ల తాడు ఇంకా వంకరగానే ఉంది.