సగంలో తిరిగొచ్చిన ప్లేట్లు

మీగడ పోసి కాల్చిన బంగాళాదుంపలు సగం వెనక్కి వచ్చినప్పుడు పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాను. చేప కూడా సగంలోనే తిరిగొచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

తిన్నది ఎవరో అయితే పోనీలే అనుకుందును. మా నాన్న. రేవు పక్కనున్న ఈ ఫ్రెంచి బిస్ట్రోలో నేను వంటింటి పెద్దనై తొమ్మిదేళ్ళయింది. పడవల ఇంజన్లు బాగుచేసే తన షెడ్డులోనే నన్నూ పెట్టాలని నాన్న పంతం. నేను కాదని గరిటె పట్టుకున్న రోజున, "నీ చేతి వంట ముట్టను" అన్నాడు. అన్న మాట మీదే ఉన్నాడు. మొండితనంలో నేనేమీ తీసిపోయానా, రమ్మని ఒక్కసారీ అడగలేదు. అలాంటి మనిషి ఇవాళ మధ్యాహ్నం పిలవకుండానే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, నీళ్ళవైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. నిజం చెప్పొద్దూ, సంతోషం పట్టలేక ఆయన ప్లేట్లన్నీ నేనే వండుతానని పొయ్యి దగ్గర నిలబడ్డాను.

ముళ్ళన్నీ నా చేత్తో ఏరి, వెన్నలో వేయించిన చేప అది. నచ్చకపోతే ఇంట్లో కూర్చోవాలి గానీ, నా వంట నా మొహానే తిప్పికొట్టడానికి ఇంత దూరం రావాలా?

"ఆ పెద్దాయన ఏమన్నారు?" అని ప్లేటు తెచ్చిన సర్వర్‌ని అడిగాను. అతని చురుకు చూసి మేమంతా మెరుపు అంటాం.

"ఏమీ అనలేదు చెఫ్. నా వంక అలా చూసి ఊరుకున్నారు."

ఏప్రన్‌తోనే బయటికి నడిచాను.

"తినడానికొచ్చావా నాన్నా, నలుగురిలో నా పరువు తియ్యడానికొచ్చావా?"

నాన్న మెల్లగా తలెత్తాడు. "నేనేం చేశానే? కాసిని నీళ్ళు తాగేలోపు ప్లేటు పట్టుకుపోయాడు. అంతకుముందూ అంతే. ఇక్కడ ఇంతే తిననిస్తారు కాబోలనుకున్నా. అడిగితే నీకు మాటొస్తుందని నోరు మూసుకున్నా."

"నీళ్ళు తాగేటప్పుడు కత్తీ, ఫోర్కూ ఎలా పెట్టావు?"

"ఎలా పెడతాను? పక్కపక్కన, పిడి నావైపు. చేతిలోంచి దిగిన పనిముట్టు అలా ఉండాలని నీకు చిన్నప్పుడే చెప్పాగా."

షెడ్డులో స్పానర్లను అలాగే పెట్టేవాడు, గుక్కెడు నీళ్ళు తాగాలన్నా సరే. ఇక్కడ మాత్రం అలా పెడితే తినడం అయిపోయిందని అర్థం. మెరుపుకి ఈ పాఠం నూరిపోసింది ఎవరు? నేనే. పోయిన వారం ఒక ప్లేటు రెండు నిమిషాలు ఆలస్యంగా తీశాడని అందరి ముందూ దులిపేశాను. చూడగానే తీసెయ్, అడగడాలు లేవన్నాను. నేను తవ్విన గోతిలో నాన్న పడ్డాడు. ఇన్నేళ్ళకు పంతం విడిచి వస్తే, ఆకలితో ఉన్న కన్నతండ్రి ముందునుంచి రెండుసార్లు కంచం లాగేశాను. పైగా ఆయన మీదికే గొడవకి వచ్చాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

ఇంకో చేప వేయించి నేనే తెచ్చి, ఎదురుగా కూర్చున్నాను. నాన్న సగం తిని, కత్తీ ఫోర్కూ పక్కపక్కన పెట్టి, గ్లాసెత్తాడు. మెరుపు రానే వచ్చాడు.

"చెయ్యి పెట్టావంటే ఊరుకోను" అన్నాను. పాపం, అతని తప్పేముంది, చెప్పింది చేశాడు.

నాన్న అంతా తిన్నాడు. రొట్టెముక్కతో వెన్న కూడా తుడుచుకుని తిన్నాడు. కత్తీ ఫోర్కూ చేతుల్లోనే ఉంచుకుని అడిగాడు.

"ఇవి పక్కపక్కన పెడితే ప్లేటు తీసుకుపోతాడు కదూ?"

"అవును నాన్నా."

"అయితే పెట్టను. ఇంకొంచెం ఉంటే పట్రా."