పొగగొట్టం ఉన్న పక్క

స్టెఫీ ల్యాప్‌టాప్ తెరవగానే వీరన్న గుండె గతుక్కుమంది.

పోయిన వారం ఆ కాలేజీ పిల్ల తన పడవెక్కి తీసిన ఫొటో అది. నడుమ తాను గేలం తాడు లాగుతున్నాడు. తాడు చివర కోనెం చేప నీళ్ళు చిమ్ముతోంది. అంతవరకూ బాగానే ఉంది. కాని వెనకాల కుడిపక్క లైట్‌హౌసూ, ఎడమపక్క స్టీల్‌ప్లాంట్ పొగగొట్టమూ పడ్డాయి. ఆ గొట్టం సరిగ్గా రెండు కొండల సందులో నిలబడి ఉంది.

అదే వీరన్న గురుతు. గొట్టం ఆ సందులోకి వచ్చేదాకా పడవ నడిపి, ఇరవై బారల లోతు చూసుకుంటే కింద రాయి తగులుతుంది. ఊరంతా ఉత్త బుట్టలతో తిరిగొచ్చిన రోజున కూడా ఆ రాయి దగ్గర కోనెం పడుతుంది. ఆ చోటు కన్నకొడుక్కి కూడా చెప్పలేదు వీరన్న.

"పోటీకి నలుచదరంగా పంపాలి తాతా. ఒక పక్క కత్తిరించాలి. సాయంత్రమే ఆఖరు. ఏ పక్క తీసెయ్యమంటారు?"

తననెందుకు అడుగుతోంది? ఫొటో ఆమెది, కోత ఆమెది. పైగా ఈ పిల్లని తన పడవ ఎక్కించుకోమని పంపినవాడు దుర్గారావు. మూడేళ్ళుగా "గేలం ఎక్కడేత్తన్నావు బావా?" అని నవ్వుతూ అడుగుతున్నవాడు.

"ఇది కూడా ఆడే అడగమన్నాడా?"

"ఎవరు తాతా? ఫొటోలో ఉన్నది మీరు కదా, అందుకని అడిగాను."

వీరన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ గొట్టం పక్క కోసీమ్మా."

"అయ్యో, ఆ పొగే బాగుంది!"

అంతలో తెర మీద నీడ పడింది. దుర్గారావు. చేతిలో వల కుట్టే సూది ఉంది. వల మాత్రం ఎక్కడా లేదు.

"ఏటి బావా, ఇద్దరూ గుసగుసలు?"

వీరన్న కంగారుపడలేదు. కుడిపక్కన లైట్‌హౌసు మీద అరచెయ్యి బోర్లించి, ఒడ్డంతా వినపడేలా అన్నాడు: "ఈ పక్క కోసీ! ఇది ఎవలి కంటా పడకూడదు!"

"ఇప్పుడే కదా ఆ పక్క అన్నారు?"

"అప్పుడు కళ్ళు సరిగా ఆనలేదు. కోసీమంటే కోసీ!"

స్టెఫీకి ఏమీ అర్థం కాలేదు. తనకు నచ్చిన పొగ ఎలాగూ మిగులుతోందని కోసేసింది. దుర్గారావు చూపు మాత్రం వీరన్న వేళ్ళ సందుల్లోనే ఉంది. గొట్టం వైపు ఒక్కసారి కూడా తిప్పలేదు.

"కొయ్యండి, కొయ్యండి. నాకేటి పని?" అంటూ సూది తిప్పుకుంటూ పోయాడు.

మర్నాడు పొద్దున్న గొట్టం కొండల సందులోకి వచ్చింది. వీరన్న పడవ ఆపి, ముందు ఉత్తరానికి చూశాడు. దూరంగా లైట్‌హౌసుకి ఎదురుగా దుర్గారావు పడవ అటూ ఇటూ తిరుగుతూ లోతులు వెతుకుతోంది. అది పూర్తిగా వీపు తిప్పేదాకా వీరన్న గేలం నీళ్ళలో వెయ్యలేదు.

పది రోజుల తరవాత స్టెఫీ ఫోన్ చేసింది.

"తాతా, పోటీలో మన ఫొటో ఎంచుకున్నారు! ద్వారకా నగర్‌లో ఒక హాల్లో పెద్దది చేసి పెడతారట. మీరు రండి. దుర్గారావు గారిని కూడా తీసుకురండి, మిమ్మల్ని చూపించింది ఆయనే కదా!"

"నానొత్తానమ్మా," అన్నాడు వీరన్న. "ఆడికి ఫొటోలంటే పడదు."