హలో అక్క చెప్పని మాట

ఆసుపత్రి కౌంటర్లో హలో అక్క నోరు మూసుకుని కూర్చుంది. నోరు మూసుకోవడం ఆవిడకు బొత్తిగా అలవాటు లేని పని. ఆ పూట జలుబు చేసి గొంతు బొంగురుపోయింది కాబట్టి తప్పలేదు. వేడినీళ్ళు గుటకలు వేస్తుంటే, ఎదుటి బెంచీ మీద కూర్చున్న ముసలావిడ ఫోను మోగింది. చెవులు సరిగా వినబడని మనిషి, స్పీకరు పెట్టుకుంది. అందులోంచి హలో అక్క గొంతు, ఏ బొంగురూ లేకుండా గలగలమంటూ, హాలంతా వినిపించింది.

"హలో పిన్నీ, నేనేనండీ, ఆసుపత్రి నుంచి. మీ అపాయింట్‌మెంట్ వచ్చే నెలకు మార్చాం. కంగారు పడకండి, నేనున్నానుగా."

ముసలావిడ ఫోను కేసి చూసింది, కౌంటరు కేసి చూసింది. "అదేంటమ్మా, ఎదురుగానే ఉన్నావు. ఆ ముక్క ఇక్కడే చెప్పొచ్చుగా?"

హలో అక్క వేడినీళ్ళ గ్లాసు పక్కన పెట్టేసింది.

ఆ పేరు రోగులు పెట్టిందే. ఆమె ఫోనెత్తి హలో అంటే సగం రోగం తగ్గిపోతుందని వాళ్ళ మాట. కొంత అతిశయోక్తి ఉన్నా, ఆమె మాట మాత్రం కాదనేవారు కారు. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసింది వదినకు. వదినంటే సొంత అన్న భార్య, అదే ఆసుపత్రిలో కంప్యూటర్ విభాగానికి పెద్ద.

కిందటేడు వదినే అడిగింది. షుగరు రోగుల్లో చాలామంది చెప్పిన రోజుకు రావడం లేదు, వచ్చేసరికి పుళ్ళు ముదిరిపోతున్నాయి. ఎవరు రాకుండా ఎగ్గొడతారో పాత వివరాలు చూసి కంప్యూటర్ ముందే పట్టేస్తుంది, వాళ్ళకు గుర్తు చేసే ఫోను నీ గొంతుతో వెళ్తే తప్పకుండా వస్తారు అంది. రికార్డింగ్ వదిన ఇంట్లోనే జరిగింది. బయటి చప్పుళ్ళు పడకూడదని బట్టల అల్మారాలో, దుప్పట్ల మధ్య, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని హలో అక్క వారాలూ తేదీలూ చదివింది. ఇద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు.

"గుర్తు చెయ్యడానికే కదా వదినా?" అని అప్పుడే అడిగింది.

"ఇంకో మాటకు వాడితే ఒట్టు" అంది వదిన.

మంచే జరిగింది, కాదనకూడదు. జనం రావడం మొదలుపెట్టారు. పుళ్ళు ఎండాయి, పోవలసిన కాలివేళ్ళు నిలిచాయి. కొన్నాళ్ళపాటు హలో అక్క కాళ్ళు నేలమీద ఆనలేదు.

కానీ "నేనున్నానుగా" అన్న మాట ఆమె అల్మారాలో చదవలేదు. అది ఎవరితో అన్నదో బాగా గుర్తుంది. వదినకు కడుపు పోయి వార్డులో పడుకున్నప్పుడు, లోపలికి వెళ్ళనివ్వకపోతే, గుమ్మం బయట నిలబడి పంపిన వాయిస్ మెసేజ్ అది. ఏడుపు ఆపుకోవడానికి చివర చిన్నగా ఊపిరి పీల్చుకుంది. ముసలావిడ ఫోనులో ఆ ఊపిరి కూడా ఉంది.

హలో అక్క సరాసరి మేడమీదికి వెళ్ళి వదిన ఎదురుగా నిలబడింది.

"నేను నీకు పంపిన మెసేజ్ ఆ కంప్యూటరుకిచ్చావా?"

వదిన అబద్ధమాడలేదు, అంతవరకు నయం. "నీలా మాట్లాడటం అది నేర్చుకోవాలిగా. అల్మారాలో చదివినవన్నీ పాఠం అప్పజెప్పినట్టున్నాయి. అదొక్కటే మనసులోంచి వచ్చినట్టుంది."

"మనసులోంచే వచ్చింది. నీ కోసం వచ్చింది."

"చెబితే వద్దంటావని చెప్పలేదు. డాక్టర్లు చాలడం లేదు. ఎవరికి తొందరో, ఎవరు ఆగగలరో కంప్యూటర్ తేలుస్తుంది. ఆగమని మేం చెబితే కొట్లాటకొస్తున్నారు. నువ్వు చెబితే సరేనంటున్నారు."

"నేనెప్పుడు చెప్పాను?"

ఒళ్ళు మండిపోతున్నా, హలో అక్కకు అరవడానికి గొంతు లేదు. అప్పుడే వాచీల బాబాయి గుర్తొచ్చాడు. ఊరి అవతలి చివర సందులో గడియారాలు బాగుచేసే మనిషి. పాదానికి షుగరు పుండు. కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడల్లా కౌంటరు దగ్గర ఆగి "ఏం బుజ్జితల్లీ" అని పలకరిస్తే గానీ కదిలేవాడు కాదు. ఈమధ్య కనబడకపోతే కూతురి దగ్గరికి వెళ్ళాడేమో అనుకుంది.

"వాచీల బాబాయికి కూడా చెప్పానా?"

వదిన కీబోర్డు మీద ఏవో నొక్కి చూసింది. "పుండు మానుతోందని ఉంది. ఆగొచ్చంది. రెండుసార్లు వాయిదా పడింది."

"ఎవరు చూసి అన్నారు మానుతోందని?"

చివరిసారి వచ్చినప్పుడు చూసిందే. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. చూడక్కర్లేదని తేల్చిన మహాతల్లి కంప్యూటరుకు ముక్కా లేదు, కళ్ళూ లేవు.

హలో అక్క అక్కడే నిలబడి ఫోను చేసింది. "బాబాయ్, హలో అక్కని. వెంటనే ఆసుపత్రికి రండి."

"ఎవరండీ మీరు? ఆ పిల్ల గొంతు నాకు తెలీదనుకున్నారా? మొన్ననే మాట్లాడింది, కంగారు లేదంది. మోసం ఫోన్లు ఎక్కువైపోయాయి" అని బాబాయి పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

టాక్సీ పట్టుకుని వెళ్ళింది. గోడనిండా గడియారాలున్న ఆ ఇరుకు కొట్లో బాబాయి కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడు. గుమ్మంలోనే వాసన తగిలింది. బల్ల కింద పాదానికి ప్లాస్టిక్ సంచి చుట్టి ఉంది.

"నువ్వే వచ్చావా బుజ్జితల్లీ. గొంతుకేమైందే? నొప్పి తగ్గిపోయింది, మానినట్టే" అన్నాడు సంబరంగా.

ఆమె సంచి విప్పి చూసింది. వేళ్ళు నల్లబడి ఉన్నాయి. నొప్పి తెలిసే ప్రాణం అందులో లేదు, అంతే.

టాక్సీలో అంతా చెప్పింది. అల్మారా, వదిన, మెసేజ్, ఏదీ దాచలేదు. బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. తల తిప్పకుండానే అన్నాడు, "నేను దాంతో కబుర్లు చెప్పేవాణ్ణి. అన్నం తిన్నావా అని అడిగేవాణ్ణి. జవాబు చెప్పకుండా పెట్టేస్తే, పనిలో ఉందిలే పాపం అనుకునేవాణ్ణి."

ఆమె ఏడ్చింది. ఆయన ఊరుకోమనలేదు.

సర్జన్ కట్టు విప్పి చూశాడు. చీలమండ దాకా తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే మోకాలు కూడా దక్కదు అన్నాడు. బాబాయి మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాడు. ఆ చేతిమీద హలో అక్క తన చెయ్యి వెయ్యబోయింది.

"మీ అమ్మాయా? పక్కన ఉండొచ్చు" అన్నాడు సర్జన్.

బాబాయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కాదండీ. ఈవిడ ఆసుపత్రి మనిషి."

తర్వాత ఆమె వైపు తిరిగి, కోపం లేకుండా, కొత్తవాళ్ళతో మాట్లాడినంత మర్యాదగా అన్నాడు.

"మీరు బయట కూర్చోండి, మేడమ్."