పదిహేడో నంబరు ముఖం

పదహారో ఫ్రేము అద్దం తుడిచి పక్కన పెట్టి, పదిహేడోది చేతిలోకి తీసుకున్న మచ్చలక్క తుడిచే గుడ్డ కింద పెట్టేసింది.

ఫోటోలో బస్సు కండక్టరమ్మ ఉంది. ఖాకీ చొక్కా ఉంది, భుజాన తోలుసంచీ ఉంది, సగం నవ్వు ఉంది. పెదవి మూల నుంచి చెవిదాకా ఉండాల్సిన తెల్లటి బొల్లి మచ్చ మాత్రం లేదు. చెంప పాలిష్ పెట్టిన టేకు బల్లలా నున్నగా మెరిసిపోతోంది.

ఆ మచ్చ ఎవరు తీసేశారని ఎవర్నీ అడగనక్కర్లేదు. ఇరవయ్యారేళ్ళుగా స్టూడియోలో మచ్చలక్క పని అదే. మొటిమలు, పులిపిర్లు, కాలిన గుర్తులు, కళ్ళ కింది నలుపు అన్నీ ఊడ్చి పారేస్తుంది. చివరికి ఊడ్చినవే ఆమెకు పేరై కూర్చున్నాయి. ఒకసారి పోయిన అత్తగారి ఫోటోలో ముక్కు పక్కనున్న పులిపిరి తీసేస్తే, మామగారు మూడు రోజులు ఆ ఫోటోతో మాట్లాడలేదు.

ఈ పని మాత్రం వేరు. పేటలోని నలభైమంది ముఖాలు, ఉన్నవి ఉన్నట్టుగా, లైబ్రరీ హాలు గోడల మీద పెడతారు. "మేం ఇలాగే బాగున్నాం" అని గుమ్మం మీద బట్ట కూడా కట్టారు. ఫోటోలు తీసిన అమ్మాయి మొదటి రోజే చెప్పింది.

"అక్కా, ఒక్క వెంట్రుక కూడా ముట్టుకోకండి. సైజు చూసి ప్రింటుకి పంపండి, చాలు."

ముప్ఫైతొమ్మిది ముఖాలనూ మచ్చలక్క చేతులు కట్టుకున్నట్టే పంపింది. ఈ ఒక్కదాని దగ్గర వదిన ఫోను చేసింది. కుళాయి కారుతోందని ఆవిడ, వాషరు మార్చమని ఈవిడ మాట్లాడుకుంటుండగా చెయ్యి దాని దారిన అది పని చేసుకుపోయింది. పైగా అసలు బొమ్మ మీదే సేవ్ చేసింది. కెమెరా కార్డు ఏనాడో ఖాళీ అయింది. అసలు ముఖం ఎక్కడా మిగల్లేదు.

కండక్టరమ్మ ఊరికే ఒప్పుకోలేదు. "నా చేత్తో ఇస్తే టికెట్టు పట్టుకోడానికే జంకుతారమ్మా జనం. నా మొహం గోడకెందుకు?" అని ఆ ఫోటోల అమ్మాయిని మూడుసార్లు తిప్పి పంపింది. పదకొండేళ్ళుగా ఫోటో దిగలేదట. ఏమీ మార్చబోమని మాటిచ్చాకే నాలుగోసారి కుర్చీలో కూచుంది. ఆమె నాలుగింటికి డ్యూటీ దిగి వస్తుంది. ఇక్కడ కూడా తన ముఖాన్ని దిద్దారని చూస్తుంది.

గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది.

"ఏంటక్కా, అలా చెమటలు పట్టేశాయి?" స్టూలెక్కి మేకు కొడుతూ అడిగింది అమ్మాయి.

"అద్దాలు బరువమ్మా," అంది.

ఫ్రేము చంకలో పెట్టుకుని, పుస్తకాలు కుట్టే వెనక గదిలోకి పోయింది. జారవిడిస్తేనో అనుకుంది. అద్దం పగిలినా లోపల చెంప నున్నగానే ఉంటుంది. ఇక రెండు వీధుల అవతలున్న స్టూడియోకి పరుగులాంటి నడకతో పోయి, కంప్యూటర్లు రాని రోజుల్లో ప్రింటు మీది దుమ్ముచుక్కలు కప్పే రంగులపెట్టె, సన్నకుంచె పట్టుకొచ్చింది.

అద్దం తీసింది. తెల్లరంగులో చుక్క గోధుమరంగు కలిపింది. ఆమెకు మనుషుల ముఖాలు గుర్తుండవు, మచ్చలు గుర్తుంటాయి. పెదవి మూల మొదలుపెట్టి పైకి, వేలెడంత వెడల్పున నింపుకుంటూ పోయింది. బయట చెప్పు చప్పుడైనప్పుడల్లా కుంచె ఎత్తి గుమ్మం వైపు చూసింది.

"ఎవరదీ, నాకు మీసాలు పెడుతున్నారా?"

గుమ్మంలో కండక్టరమ్మ. ట్రిప్పు రద్దయి ముందే వచ్చేసింది.

మచ్చలక్క లేచి నిలబడింది. అబద్ధమేదైనా దొరుకుతుందేమోనని వెతికింది, దొరకలేదు.

"తీసేశానమ్మా. కావాలని కాదు, చెయ్యి అలవాటు. మళ్ళీ పెడుతున్నా."

కండక్టరమ్మ దగ్గరకొచ్చింది. ఇంకా మచ్చ ఎక్కని సగం చెంపను చాలాసేపు చూసింది. తన చెంప తడుముకుంది.

"మీరూ తీసేశారన్నమాట."

ఆ మాట మెల్లగానే వచ్చింది. తిట్టినా బావుండేదనిపించింది మచ్చలక్కకి.

కండక్టరమ్మ స్టూలు లాక్కుని కిటికీ దగ్గర కూచుంది. చెంప వెలుతురుకేసి తిప్పింది.

"జ్ఞాపకం మీద వేస్తే కుదర్దు, చూసి వెయ్యండి. చెవి కింద దీవిలాగా ఇంకో ముక్కుంది. దాన్ని మీరు మర్చేపోయారు."

"కదలకండి మరి."

"నిండుబస్సులో నిలబడి టికెట్లు కొట్టేదాన్ని. నిలకడ మీరు నేర్పాలా నాకు?"

మచ్చలక్క జానెడు దూరం నుంచి చూసింది. మచ్చ అంచు ఒక్కచోట కూడా తిన్నగా లేదు. నీళ్ళు తడిపిన ఇసకలా మెలికలు పోయింది. దాని పక్కన ఒక కన్ను ఉంది, అందులో నీళ్ళున్నాయి. ఆ కన్ను రెప్పెయ్యకుండా తననే చూస్తోంది. భయం పోలేదు, ఇంకా లోపలికి దిగింది. ఇరవయ్యారేళ్ళలో ఎన్ని వేల చెంపలు! ఆ మనుషుల్లో ఎవరొచ్చి, తీసేసిన మచ్చ మళ్ళీ పెట్టమని ఇలా స్టూలు లాక్కుని కూచుంటారు?

నాలుగింటికి జనం వచ్చారు. రంగు ఆరలేదు గనక పదిహేడో ఫోటోని అద్దం లేకుండానే తగిలించారు. జరిగిన సంగతి అమ్మాయికి మచ్చలక్కే చెప్పింది. ఆ అమ్మాయి ఒకసారి కండక్టరమ్మ వంక చూసి, పక్కకి ఒరిగిన ఫ్రేముని సరిచేసింది. కండక్టరమ్మ తన ఫోటో కింద నడుం మీద చేతులు వేసుకుని నిలబడి, "ముట్టుకోకండి, తడిగా ఉంది," అని వచ్చినవాళ్ళందర్నీ హెచ్చరిస్తూనే ఉంది.

సోమవారం మచ్చలక్క స్టూడియోకి రాలేదు. ఓనరు ఫోను చేశాడు.

"ఒంట్లో బాలేదా అక్కా?"

"బానే ఉందండీ. మచ్చలు కనపడ్డం మానేశాయి."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. మళ్ళీ రాలేదు కూడా.

ప్రదర్శన అయిపోయాక ఎవరి ముఖం వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళారు. లైబ్రరీ వెనక గదిలో, గోడకి ఆనించిన పదిహేడో ఫ్రేము అద్దం మీద, తెల్లరంగు వేళ్ళ ముద్రలు ఐదు ఎండిపోయి ఉన్నాయి.