జయలక్ష్మమ్మ అరచేతులు

2024 మే 14, మంగళవారం. మబ్బు పట్టింది కానీ వాన పడలేదు, గాలీ లేదు. గౌనిపల్లిలో ఓబలప్ప ఇంట్లో మామిడికాయలు ఏరుతున్నారు. మచ్చ లేనివి శ్రీనివాసపురం మండీకి, మచ్చ పడినవి ఇంటికి. పొద్దు గుంకగానే ఓబలప్ప భార్య జయలక్ష్మమ్మ అరచేతులు చాచి కూర్చుంది. పుట్టినప్పటినుంచీ తిన్న మామిడి, గుమ్మడి, బొప్పాయి, మునగాకు ఆ చేతుల్లో పేరుకుని పసుపుగా వెలుగుతాయి. రోజూ ఆ వెలుగులోనే అందరూ పని చేసుకుంటారు.

అప్పుడే కుముద వచ్చింది. దేశంలో ఎవరు ఏం తింటున్నారో, అందులో కంటిచూపును కాపాడే పసుపురంగు కెరోటిన్ ఎంతో తెలుసుకునే సర్వేలో ఆమె ఉద్యోగం. వాళ్ల తాత కేజీఎఫ్ బంగారు గనిలో గుమాస్తా. గని మూతపడింది. అది ఇక్కడ అనవసరం.

"నిన్న ఏం తిన్నావమ్మా?" అని ఆ ఇంటి కోడలు మునిలక్ష్మిని అడిగింది.

"రాగిముద్ద, పెసరబేళ్ల సారు."

"మామిడిపండు? ఆకుకూర?"

"యాడ తినేది? ఉష్ణం గదా," అంది జయలక్ష్మమ్మ. "రెండు కడుపులు పోయినాయి. ఇది ఏడో నెల. నాలుగేండ్లుగా నేనే ముట్టనీలేదు."

మునిలక్ష్మి నీళ్ల చెంబు కోసం నేల తడిమింది. చెంబు ఎదురుగానే ఉంది.

"పొద్దు గుంకితే కనబడదా నీకు?"

"లేదక్కా. మొన్న దూడ అనుకోని మామను నెట్టినాను."

"గడ్డి గూడా పెట్టింది తల్లి," అన్నాడు ఓబలప్ప.

కుముద నవ్వలేదు. "వదిలేస్తే కండ్లు పోతాయి. బిడ్డకూ మంచిది కాదు. మీరు వద్దన్నవే పెట్టాల. రేపే ఆసుపత్రికి తీసుకుపోండి."

జయలక్ష్మమ్మ లేచి వచ్చి కోడలి కళ్లమీద రెండు చేతులూ పెట్టింది. గుమ్మడికాయ ఉడికేంతసేపు అలాగే ఉంచింది. తీశాక అవి అందరి చేతుల్లాగే ఉన్నాయి. ఇల్లంతా చీకటి.

ఆ చీకట్లోనే మునిలక్ష్మి గంపలోంచి ఒక పండు తీసి పక్కన పెట్టింది. "ఇది మచ్చ పడిండాది అత్తా."

"అయితే తిను."

ఆషాఢంలో మనవరాలు పుట్టింది. ఆ పిల్లను చూసుకుని, శ్రావణంలో జయలక్ష్మమ్మ నిద్రలోనే పోయింది. ఆమెకు పుట్టింటివాళ్లు ఇచ్చిన తోట కొడుకు మునిశంకర్‌కు వచ్చింది. ఆవుల్ని కూతురు పుష్పావతి తోలుకుపోయింది. పాపకు వెండి మొలతాడు, మునిలక్ష్మికి చూపు. ఓబలప్పకు ఏమీ రాలేదు. చేతులు ఆరిపోయాక కూడా పొద్దు గుంకితే ఇంట్లో వెలుగు పెట్టింది ఆమే. ఒక సాయంత్రం చీకట్లో మంచం మీద కూర్చుని కోడలిని అడిగాడు.

"లైటు స్విచ్చి యాడుండాదమ్మా?"