హెప్సిబా సాలు

ఎడమ రొమ్ములో రేగుపండంత గడ్డను తీసి ఆరు వారాలైంది. అది క్యాన్సర్ కాదని రిపోర్టు వచ్చింది. ఇక పనికి పోవచ్చని డాక్టరమ్మ చెప్పిన మర్నాడే హెప్సిబా అయిజ దగ్గరి చేనులో పత్తి ఏరడానికి వెళ్లింది. తీరా చూస్తే, రోజూ తాను ఏరే సాలులో అత్త మణెమ్మ వేరే మనిషిని నిలబెట్టింది.

"నువ్వు గట్టు మీద కూసో బిడ్డా. కుట్లు తెగితే ఎట్ల?" అంది మణెమ్మ.

"కుట్లు ఇప్పి నెల దాటింది అత్తమ్మా. మచ్చనే మిగిలింది."

"సంచి పట్టీ ఆ మచ్చ మీదనే ఒరుసుకుంటది గద!"

హెప్సిబాకు ఒళ్లు మండింది. అత్తను ఏపుగా పెరిగిన మొక్కల చాటుకు లాక్కెళ్లి, రవిక పక్కకు జరిపి చూపించింది. చిటికెన వేలంత గీత, ఇంకా ఎర్రగానే ఉంది.

మణెమ్మ వంగి చూసింది. "గింతేనా?"

"గింతనే. గింతదానికే నా సాలు ఇంకొకరికి ఇస్తివి."

హెప్సిబా సంచి పట్టీని కుడి భుజానికి మార్చి కట్టుకుంది. తన సాలులోకి నడిచి, అక్కడ ఏరుతున్న మనిషి భుజం తట్టింది.

"జర జరుగక్కా."